తొమ్మిది పిన్నుల కోసం ఒక మదర్‌బోర్డు

మా ఇంట్లోకి మదర్‌బోర్డు ముందు అట్టముక్కగా వచ్చింది.

రవికల చేతులకు, మెడలకు అట్టలు కత్తిరించి గోడ మేకుకు తగిలించుకోవడం నా అలవాటు. ఆ మేకుకే మూడు కొత్త అట్టలు చేరాయి. పెద్దది పన్నెండు అంగుళాల పొడవు. నడిమిది నలుచదరం, ఒక్కో వైపు తొమ్మిదిన్నర అంగుళాల మీద దాదాపు ఒక నూలు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మూడోది మరీ చిన్నది, మడత పెట్టిన చేతిరుమాలంత. బోర్డుల కొలతలు మిల్లీమీటర్లలో ఇస్తారు. వాటిని అంగుళాల్లోకి, అంగుళాలను నూళ్ళలోకి మార్చుకుని, ఒక అట్ట కత్తిరించి చేత్తో పట్టుకుంటే తప్ప ఆ వస్తువు నాకు అర్థమైనట్టు ఉండదు.

బెళుగుప్పలో నేను రవికలు కుట్టబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం ఆ తర్వాతే వచ్చాయి. గుడ్డ పన్నాలో, అంటే వెడల్పులో, ఎన్ని చేతులు పడతాయి, ఏ ముక్కను ఎటు తిప్పితే మీటరు కావలసిన రవిక ఎనభై సెంటీమీటర్లతో సరిపోతుంది, ఇవేవీ నాకు ఎవరూ నేర్పలేదు. కత్తెర పడ్డ గుడ్డ మళ్ళీ అతకదన్న భయమే నేర్పింది. అందుకే ఏదైనా చేసేముందు నాలుగుసార్లు కొలుస్తాను. మా ఆయన దాన్ని చాదస్తం అంటాడు. ఆయనది ఊళ్ళోనే బోరు మోటార్లకు వైండింగు చుట్టే కొట్టు. కాలిపోయిన మోటారు విప్పడం, రాగి తీగ చుట్టడం, మళ్ళీ బిగించడం. ఆయన పనిలో కొలత కంటే చేతివాటం ఎక్కువ.

ఈ మదర్‌బోర్డు గొడవ మా చెల్లెలి వల్ల మొదలైంది. అది బళ్ళారిలో ఒక జీన్స్ యూనిట్లో ఎంబ్రాయిడరీ మిషన్ మీద పని చేసేది. ప్యాంటు జేబుల మీద వంకర గీతలు, రెక్కలు, పులి తలలు రోజంతా కుట్టేది. యూనిట్ మూతపడుతుంటే, ఇన్నేళ్ళు తాను నడిపిన మిషన్నే తనకు ఇమ్మని అడిగి, చిన్న లారీలో వేయించుకుని మా ఇంటికి తెచ్చేసింది. ఒక తల, పన్నెండు సూదులు, మా బీరువాకంటే బరువు. ముందు గదిలో నా కుట్టు మిషన్ పక్కన దాన్ని దించేసరికి ఇంట్లో నడవడానికి దారి లేకుండా పోయింది.

"ఈడ ఇది నడిస్తే నేను ఈణ్ణే ఉంటానక్కా," అంది. "నడవకుంటే బెంగళూరు పోతా. గార్మెంట్స్‌లో లైన్ పని ఇస్తామన్నారు. హాస్టల్ ఉండాది. సోమవారం లోపల చెప్పాలంట."

వెళ్ళడం దానికి ఇష్టం లేదని చెప్పకనే చెప్పింది. బళ్ళారిలో అన్నేళ్ళు వేరేవాళ్ళు చెప్పిన పులి తలలే కుట్టింది. ఇక తన డిజైన్లు తాను కుట్టాలని దాని ఆశ. పనికి కొరత లేదు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో సగం మంది, "కంప్యూటర్ వర్క్ చేస్తారా?" అని అడిగి, లేదంటే రవిక గుడ్డ మడిచి బ్యాగులో పెట్టుకుని అనంతపురం పంపేవాళ్ళు. కొరత ఒక్కటే: మిషన్‌కు డిజైన్ ఎక్కించే దారి.

అది పాత మిషన్. పెన్‌డ్రైవ్ పెట్టడానికి చోటు లేదు. ఫ్లాపీ పెట్టే నోరు ఉంది గాని అది పాడైపోయింది, ఫ్లాపీలూ ఎక్కడా దొరకవు. వెనకవైపు, పాతకాలం కంప్యూటర్ల సీరియల్ తీగ తగిలించే తొమ్మిది పిన్నుల దారి ఒక్కటే మిగిలింది. యూనిట్లో దానికి తగిలించిన కంప్యూటర్ ఏదో పాత సామానులో కలిసిపోయింది. తీగ మాత్రం చెల్లెలు జాగ్రత్తగా చుట్టి తెచ్చుకుంది.

తెలిసినవాళ్ళ లాప్‌టాప్ అడిగి తెచ్చి, యూఎస్‌బీని ఆ తొమ్మిది పిన్నులకు మార్చే చవక తీగ ఒకటి కొని, ముందు అదే ప్రయత్నించాం. మిషన్ కదిలింది. చెల్లెలు కేక వేసింది. ఆ డిజైన్ ఇరవై నాలుగు వేల కుట్లది. నిమిషానికి ఆరు వందల చొప్పున నలభై నిమిషాలు పట్టాలి. తొమ్మిది వేల దగ్గర ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి పెడితే పదకొండు వేల దగ్గర. మూడోసారి ఇంకెక్కడో. ప్రతిసారీ ఒకే చోట ఆగితే అక్కడేదో తప్పుందని వెతకొచ్చు. ఇష్టమొచ్చిన చోట ఆగేదాన్ని నమ్మి ఒకరి పట్టు గుడ్డ బిగించలేం. సగం మెడ కుట్టి ఆగిన రవికను ఎవరి చేతిలో పెడతాం?

అందుకని మధ్యలో మార్పిడి లేకుండా, ఆ తొమ్మిది పిన్నుల దారి తనలోనే ఉన్న కంప్యూటర్ కావాలి. కొత్త కంప్యూటర్ల వెనక ఆ సందు ఉండదు. లాప్‌టాప్‌లకు అసలే లేదు. నేను నా ఫోన్లో బోర్డుల ఫోటోలు వేళ్ళతో పెద్దవి చేసుకుంటూ చూడడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఏమీ అర్థం కాలేదు. రెండో రోజు కాస్త. బోర్డంటే ఒక ఊరి మ్యాపులాంటిదని తెలిసింది. నడుమ ప్రాసెసర్ కూర్చునే పీట, దాని పక్కన ర్యామ్ నిలబడే గాళ్ళు, అంటే సన్నటి గాడులు, ఒక అంచున కరెంటు వచ్చే దారి, వెనక అంచున బయటికి కనబడే సందులు. ప్రాసెసర్‌కు ఆ పీట సరిపోవాలి, లేదంటే రెండూ వృథా. ఇదంతా రవిక, చేతి గుండ్రం లెక్కే. చంక దగ్గర ఒక్క నూలు తేడా వచ్చినా చెయ్యి కూర్చోదు.

మూడో రోజు మధ్యాహ్నం, ఒక బోర్డు ఫోటోను పెద్దది చేస్తుంటే కింది అంచున, ఎవరూ చూడని మూలలో, రెండు వరసల చిన్న పిన్నులు కనబడ్డాయి. ఒక వరసలో ఐదు, ఒక వరసలో నాలుగు. పక్కన తెల్ల రంగులో మూడు ఇంగ్లీషు అక్షరాలు: కామ్. ఆ పక్కన అంకె, ఒకటి.

కామ్ అంటే ఆ సీరియల్ దారికి పేరే. వెనక సందు తీసేశారు గాని, లోపల పిన్నులు ఉంచారు! అక్కడినుంచి ఒక చిన్న తీగ లాగి బయట సాకెట్ పెట్టుకుంటే చాలు.

"ఇదో, చూడే!" అని అరిచాను. చెల్లెలు మిషన్‌కు నూనె పెడుతూ ఉంది, నూనె చేత్తోనే ఫోన్ పట్టుకుంది.

"యాడ?"

"ఈ మూల చూడు. తొమ్మిది."

అది లెక్క పెట్టింది. మళ్ళీ లెక్క పెట్టింది. "ఇంత చిన్నగా దాచిపెట్టినారేందక్కా! దొంగసొమ్ము మాదిరి!"

అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు, ఆనందంతోనే. ఏ బోర్డు ఫోటో కనబడినా ముందు కింది అంచు చూడడమే. కొన్నింటికి ఆ పిన్నులు ఉన్నాయి, చాలావాటికి లేవు. ఇక మిగిలింది కొలత. బస్టాండు దగ్గర మూతపడిన నెట్ సెంటరు నుంచి మా ఆయన కరెంటు డబ్బా తప్ప లోపల ఏమీ లేని కంప్యూటర్ క్యాబినెట్ ఒకటి, పాత మానిటర్ ఒకటి తెచ్చిపెట్టాడు. ఆ క్యాబినెట్లో ఏ బోర్డు పడుతుందో చూడడానికే ఆ మూడు అట్టలు. మరమేకుల రంధ్రాలు ఎక్కడ వస్తాయో అట్ట మీద గుర్తు పెట్టి, సూదితో గుచ్చి, క్యాబినెట్లో పెట్టి చూశాను. నడిమి అట్ట హాయిగా కూర్చుంది. పెద్దదీ పట్టేదే గాని, కరెంటు డబ్బాకు తగులుతూ ఇరుకుగా ఉంది.

గురువారం పొద్దున అట్టను బ్యాగులో పెట్టుకుని ఇద్దరం అనంతపురం బస్సెక్కాం.

క్లాక్ టవర్‌కు కాస్త అవతల, ఒక సందులో ఉంది ఆ కంప్యూటర్ల అంగడి. గోడల నిండా డబ్బాలు. అంగడాయన నా వయసువాడే. నేను బ్యాగులోంచి అట్ట తీసి గాజు బల్ల మీద పెట్టగానే దాన్ని అటూ ఇటూ చూశాడు.

"ఏందక్కా ఇది? మదర్‌బోర్డుకు రైక కుడతావా?"

"కుడతాలే, కొలతలిస్తే," అన్నాను. "ఈ సైజు బోర్డు కావాలప్పా. ఈ అంచున తొమ్మిది పిన్నులు ఉండాల. కామ్ అని రాసుండాల."

"కామా!" పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "దాన్ని ఎవరడిగినారో గుర్తే లేదు నాకు. ఏం చేస్తారు దాంతో?"

చెల్లెలు మిషన్ సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ బళ్ళారిలో పులి తల కుట్టిన ఫోటో కూడా చూపింది. ఆయనకు హుషారు వచ్చింది. ముందు ఒక మెరిసే డబ్బా దించాడు.

"ఇది చూడక్కా. కరెంటిస్తే ఏడు రంగులు ఎలుగుతాండాయి. ర్యామ్‌కు నాలుగు గాళ్లు. కామ్ కూడా ఉండాది, ఒగటి."

నిజంగానే అందమైన బోర్డు. నల్లగా, వెండి రేకులతో, నగల పెట్టె మూత తీసినట్టుంది. చెల్లెలి కళ్ళు దానిమీదే ఉన్నాయి.

"వెనక నీలం సందు ఉండాదా? మా పాత మానిటర్ తీగ పెట్టేది?"

తిప్పి చూశాడు. లేదు. "దానికొక మార్పిడి తీగ వేసుకోవచ్చులే అక్కా."

"మార్పిడి తీగతోనే కదప్పా మేము అవస్థ పడింది."

ఆయన నవ్వాడు. కాసేపు గోడకేసి చూస్తూ నిలబడి, స్టూలు వేసుకుని ఎక్కి, పై అరలో వెనకనుంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి లాగాడు. "ఉండు, ఇది ఆఫీసులోళ్ళు కొనేది. సోకు లేదు. నాకు తెలిసి దీంట్లో..." అని డబ్బా విప్పి, ఫోన్ టార్చి వేసి వంగి చూశాడు. "అక్కా! ఇట్ల రా!"

ముగ్గురం తలలు కలిపి చూశాం. ఎండిపోయిన ఆకు రంగు బోర్డు. ఒక్క దీపం లేదు. వెనక నీలం సందు ఉంది. కింది అంచున తొమ్మిది పిన్నులు, కామ్ ఒకటి. దాని పక్కనే మరో తొమ్మిది. కామ్ రెండు.

"రెండుండాయే!" అంది చెల్లెలు.

"ర్యామ్‌కు మాత్రం రెండే గాళ్ళు," అన్నాడు ఆయన. దాచకుండా చెప్పాడు. "ముందు ముందు పెంచుకోవాలంటే లైట్లదే మేలు. మీ ఇష్టం."

నేను రెండు బోర్డులనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. ఎదిగే పిల్లకు రవిక కుట్టేటప్పుడు కుట్టు లోపల కాస్త గుడ్డ వదులుతాం, తర్వాత విప్పి వదులు చేసుకోవడానికి. ఆ గుడ్డను ఎక్కడపడితే అక్కడ వదలం. ఒళ్ళు ఎక్కడ పెరుగుతుందో అక్కడ వదలాలి. పక్కల్లో వదలాల్సింది చేతి అంచున వదిలితే ఏం లాభం? డిజైన్ పంపే ప్రోగ్రాం పాతది, చిన్నది. దానికి ర్యామ్ రెండు గాళ్ళే ఎక్కువ. మా చెల్లెలి పని పెరిగితే ఎటు పెరుగుతుంది?

"ఈ ఎండాకు రంగుదే ఇయ్యప్పా," అన్నాను.

"లైట్లు..." అని గొణిగింది చెల్లెలు.

"లైట్లు నువ్వు రైకల మీద కుట్టుకోపోవే."

అంగడాయన గట్టిగా నవ్వి, ఆ బోర్డు పీటకు సరిపోయే ప్రాసెసర్, ర్యామ్, మిగతావి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. యూనిట్ నుంచి చెల్లెలు తెచ్చిన పాత సీడీలోని, డిజైన్ పంపే ప్రోగ్రాంను పెన్‌డ్రైవ్‌లోకి మార్చి ఇచ్చాడు. పిన్నులనుంచి బయటికి వేసే తయారు తీగ మాత్రం ఆయన దగ్గర లేదు.

"ఆర్డరు పెడితే వస్తాది గాని, ఎప్పుడొస్తాదో చెప్పలేనక్కా."

"సోమవారం లోపల కావాల."

"అట్లయితే ఇదో, విడి సాకెట్ ఒకటి, పట్టీ తీగ ఒకటి ఇస్తా. అతికిచ్చేటోళ్ళు ఉండారా మీ ఊళ్ళో?"

"మా ఇంట్లోనే ఉండాడు," అన్నాను.

సాకెట్లో ఏ పిన్ను ఎక్కడుంటుందో చూపే బొమ్మ ఒకటి నా ఫోన్‌కు పంపాడు. తిరుగు బస్సులో బోర్డు డబ్బా నా ఒళ్ళో, ప్రాసెసర్ చెల్లెలి ఒళ్ళో. గుట్టల మీద గాలిమరల ఫ్యాన్లు తిరుగుతుంటే మా మనసులు వాటికంటే వేగంగా తిరిగాయి. కండక్టర్, "ఏమక్కా, పసిబిడ్డను పట్టుకున్నట్ల పట్టుకున్నావు," అన్నాడు. నేను డబ్బాను ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

మర్నాడు నా కత్తిరింపు బల్ల తుడిచి, కంప్యూటర్ దాని మీద కట్టాం. ఒంటిమీది సిల్కు గుడ్డనుంచి చిటుక్కుమని పుట్టే కరెంటు బోర్డుకు చేటని నేను ఫోన్లో చూసిన వీడియోలో చెప్పారు. పాలిస్టర్ గుడ్డ చింపేటప్పుడు వేలికి తగిలే ఆ చిటుకు నాకు బాగా తెలుసు. అందుకని ఇద్దరం నూలు చీరలు కట్టుకున్నాం. బోర్డును ముట్టుకునే ప్రతిసారీ ముందు కిటికీ ఇనుప చువ్వ పట్టుకున్నాం. మా ఆయన కొట్టునుంచి వచ్చి గడపలోనే నిలబడిపోయాడు.

"ఏందే ఇది, మడి కట్టుకున్నారా అక్కచెల్లెండ్లు? ఐదు హెచ్‌పీ మోటారుకు లేని మర్యాదలు దీనికా?"

"బావా, చువ్వ పట్టుకోకుండా లోపలికి రావద్దు!" అని అరిచింది చెల్లెలు.

ఆయన నిజంగానే చువ్వ పట్టుకుని వచ్చాడు.

ప్రాసెసర్ మూలన బంగారు రంగు చిన్న త్రికోణం ఉంది. పీట మూలనా అలాంటిదే ఒకటి. రెండూ ఒకవైపు వచ్చేలా పెట్టి వదిలితే, నొక్కకుండానే అది తనంతట తాను దిగింది. సరిగ్గా కొలిచి కత్తిరించిన చెయ్యి చంకలో కూర్చుంటే ఎలా ఉంటుందో అలా. ర్యామ్ ఠక్కుమంది. బోర్డు రంధ్రాలు క్యాబినెట్లోని ఇత్తడి కాళ్ళ మీద, నా అట్టలో గుచ్చినచోటే వచ్చాయి. ఒక్కటి కూడా జరపనక్కర్లేదు. నేనేదో గొప్ప పని చేసినట్టు గర్వపడ్డాను.

సాకెట్ కోసం అంగడాయన పంపిన బొమ్మ చూసి ఒక అట్ట మీద పెద్దగా గీశాను. పై వరస ఐదు గుండ్రాలు, కింది వరస నాలుగు, ప్రతిదాంట్లో అంకె. మా ఆయన ఆ అట్టను ముందు పెట్టుకుని, పట్టీ తీగలో ఒక్కొక్క పాయను ఒక్కొక్క పిన్నుకు సాల్డరింగ్ చేశాడు.

"యాడ పెట్టాలో నువ్వు చెప్పు, అతుకు సంగతి నాకొదిలెయ్," అన్నాడు. మోటారు తీగలకు అలవాటు పడ్డ ఆ లావు వేళ్ళు అంత చిన్న పిన్నుల మీద ఎంత నాజూకుగా తిరిగాయో చూసి నాకే ఆశ్చర్యమేసింది.

శనివారం స్విచ్ వేశాం. ఫ్యాన్ తిరిగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. చెల్లెలు నా భుజం గిల్లింది. నేను సెట్టింగుల్లోకి వెళ్ళి, వీడియోలో నేర్చుకున్న చోటికి దిగాను. అక్కడ ఉంది: సీరియల్ పోర్ట్ ఒకటి. ఎదురుగా దాని చిరునామా, మూడు, ఎఫ్, ఎనిమిది. నేను ఫోన్లో చదివిన అంకే. ఎక్కడో చదివిన అంకె మన బల్ల మీద, మనం బిగించిన వస్తువులో, అచ్చంగా అలాగే కనబడడం ఎంత సంతోషమో చెప్పలేను.

ఆదివారం పొద్దుటికి ప్రోగ్రాం ఎక్కింది. తీగ తగిలించాం. చెల్లెలు మిషన్ మీద మీట నొక్కి, దాన్ని డిజైన్ అందుకునే స్థితిలో పెట్టింది. నేను కంప్యూటర్లో పంపు అని నొక్కాను.

ఏమీ లేదు.

మళ్ళీ నొక్కాను. తీగ తీసి పెట్టాను. వేగం అంకెలు రెండు వైపులా ఒకటేనా అని చూశాను, ఒకటే. మా ఆయన టెస్ట్ ల్యాంప్ తెచ్చి, అట్ట చూసుకుంటూ తొమ్మిది అతుకులూ ఒక్కొక్కటే చూశాడు.

"అన్నీ నీ అట్టలో ఉన్నట్లే ఉండాయి. నా తప్పేం లేదు."

"నా అట్టలో తప్పుంటుందా?"

"నేనన్లేదమ్మా ఆ మాట."

మధ్యాహ్నం దాటింది. చెల్లెలి ఫోన్ మోగింది. బెంగళూరు నుంచి సూపర్‌వైజర్. అది పెరట్లోకి వెళ్ళి కన్నడంలో మాట్లాడి వచ్చింది. "సాయంత్రం చెప్తానని చెప్పినా," అని మాత్రం అంది. ముఖం చూపకుండా, బల్ల మీద ఎవరిదో రవిక గుడ్డ పరిచి కత్తిరించడం మొదలుపెట్టింది. ఊరికే కూర్చోలేక. అప్పటిదాకా ఉన్న హుషారంతా ఆ గదిలోనుంచి ఎవరో ఎత్తుకుపోయినట్టుంది.

గుడ్డ తక్కువగా ఉంది. మడత వేసి రెండు చేతులూ ఒకేసారి తీయడానికి లేదు. విడివిడి ముక్కల్లో తీయాలి. అలా తీసేటప్పుడు ఒక చేతికి అట్ట మామూలుగా, రెండో చేతికి తిప్పి పెట్టాలి. లేదంటే రెండూ ఒకే వైపు చేతులవుతాయి. అది కుడి చెయ్యి గీసి, అట్ట తిప్పి రెండో ముక్క మీద పెట్టి, సుద్ద కోసం చెయ్యి చాచింది. నేను సుద్ద ఇస్తూ, ఆలోచన అంతా సాకెట్ మీదే ఉండి, అలవాటుగా ఆ అట్టను మళ్ళీ తిప్పి సర్దాను.

"అక్కా! నేను తిప్పిందాన్ని మళ్ళా తిప్పినావేంది? రెండూ కుడి చేతులే అవుతాయి గదా!" అని కసిరింది. "సుమ్నే, ఊరికే కూచో నువ్వు!"

నేను సుద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మేము గుడ్డ మీద గీసేది ఎప్పుడూ లోపలి వైపే. పైకి కనబడే వైపు సుద్ద పడకూడదు. కాబట్టి ఏ బొమ్మ చూసినా అది పైవైపు బొమ్మ అనుకుని, గీసేటప్పుడు దాన్ని తిప్పి గీస్తుంది నా చెయ్యి. ఇరవై ఏళ్ళ అలవాటు. సాకెట్ బొమ్మ చూసినప్పుడూ అదే చేశాను. మా ఆయన వెనకనుంచి అతికిస్తాడు కదా అని, తిప్పి గీశాను. మరి ఆ బొమ్మ ముందే వెనకవైపు బొమ్మ అయితే?

ఫోన్ తీసి బొమ్మను పెద్దది చేశాను. నా కళ్ళెప్పుడూ అంకెల మీదే ఉంటాయి, అక్షరాలను పట్టించుకోను. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది, అది అతుకు పెట్టే వైపునుంచి చూసిన బొమ్మ అని.

"అంగడాయన తిప్పిన బొమ్మే పంపినాడే!" అని అరిచాను. "నేను దాన్ని మళ్ళా తిప్పినా!"

చెల్లెలు కత్తెర పక్కన పెట్టేసింది. మా ఆయన సాకెట్‌ను వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళి, నా ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూసి, పకపకా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఈడనే, పిన్నుల పక్కనే అంకెలు అచ్చు పోసుండారు కదే! ఆవగింజంత! నువ్వు నీ అట్ట ఇయ్యకుండా ఉండుంటే, నేను బొమ్మ చూసి ఉన్నదున్నట్ల అతికిచ్చేటోణ్ణి. పొద్దున్నే నడుచ్చాండె!"

"రెండు కుడి చేతులు కుట్టినావక్కా మిషన్‌కు," అంది చెల్లెలు. దాని కళ్ళలో నీళ్ళు, నోట్లో నవ్వు.

లెక్క వేసుకుంటే అంతా సరిపోయింది. ఒకటి ఐదు దగ్గర ఉంది, ఐదు ఒకటి దగ్గర. రెండు, నాలుగు తారుమారు. కింది వరసలోనూ అంతే. పై వరస నడిమి మూడు మాత్రం ఎటు తిప్పినా మూడే. తొమ్మిదింట్లో ఎనిమిది తప్పు! నన్ను ఎవరు ఎంత ఎగతాళి చేసినా ఆ నిమిషంలో నాకు పట్టలేదు. తప్పు ఎక్కడుందో తెలిసింది. తెలిసిన తప్పును తిప్పేస్తే సరి. నేనే మా ఆయన చేతికి సాల్డరింగ్ ఐరన్ ఇచ్చి తొందరపెట్టాను.

"నిదానమే, కాలుతుంది!" అంటూనే ఆయన ఎనిమిది అతుకులు విప్పి, తిరిగి పెట్టాడు. ఈసారి అట్ట లేదు. సాకెట్ మీది అంకెలు ఆయన చదివాడు, నేను తీగ పాయలు లెక్కపెట్టాను.

చెల్లెలు చట్రంలో తెల్ల గుడ్డ బిగించింది. మీట నొక్కింది. నేను పంపు నొక్కాను. మిషన్ చిన్న తెర మీద అంకెలు కదిలాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఆ పెద్ద తల గుండెలో ఏదో మేలుకున్నట్టు గరగరమని, సూది దిగింది.

ముగ్గురం మిషన్ చుట్టూ చేరాం. అదే డిజైన్, ఇరవై నాలుగు వేలు. ఆకుపచ్చ దారంతో తీగ, ఎరుపుతో మొగ్గలు. నేను తెర మీది కుట్ల అంకెనే చూస్తున్నాను. ఎనిమిది వేలు. ఎనిమిది వేల ఐదు వందలు. తొమ్మిది వేల దగ్గర చెల్లెలు నా మోచెయ్యి పట్టుకుంది. దాటింది. పదకొండు వేలూ దాటింది. అక్కడినుంచి మా ఆయన కూడా పైకి చదవడం మొదలుపెట్టాడు, వేలం పాట పాడినట్టు. పన్నెండు వేలు! పదమూడు! దారం రంగు మారినప్పుడల్లా తల పక్కకు జరిగి, మరో సూదితో మళ్ళీ దిగుతుంటే, ఆ చప్పుడుకు గది కిటికీ చువ్వలు సన్నగా మోగాయి. ఇరవై నాలుగు వేల దగ్గర అది తనంతట తాను దారం తెంపుకుని, చట్రాన్ని ముందుకు తోసి ఆగింది.

చెల్లెలు గుడ్డను వెలుతురుకు పట్టి, మొదట లోపలి వైపు చూసింది, ముడులు ఎలా పడ్డాయోనని. తర్వాత పైవైపు. మొగ్గల మీద వేలితో తడిమింది. ఆ తర్వాత ఫోన్ తీసి, ఈసారి పెరట్లోకి పోకుండా అక్కడే నిలబడి, బెంగళూరుకు చేసింది. కన్నడంలో రెండు మాటలు. రాను, మేడమ్. ఇక్కడే పనుంది.

పెట్టేశాక క్యాబినెట్ తెరిచి ఉన్న పక్కనుంచి లోపలికి వంగి చూసింది. పట్టీ తీగ తగిలించిన పిన్నుల పక్కనే, ఇంకా ఏ తీగా లేకుండా మెరుస్తున్న మరో తొమ్మిది పిన్నులు.

"అక్కా, బళ్ళారిలో మా యూనిట్లో దీని జత మిషన్ ఇంకొకటి ఉండాది. ఇంకా అమ్ముడుపోలేదంట."

"దాన్ని యాడ పెడతావే? నడవడానికి దారే లేదీడ!" అన్నాడు మా ఆయన.

నేను అప్పటికే టేపు తీసి, నా కుట్టు మిషన్‌కూ గోడకూ మధ్య ఎన్ని అంగుళాలుందో కొలుస్తున్నాను.